సుందరయ్య కళ్ళలో పోసిన ఆలిచిప్ప నీళ్ళ గురించి

తేదీ: 24 మే 1952

జమాబందీ నిమిత్తం ఆత్మకూరులో మకాం చేసి ఉన్న
శ్రీయుత డివిజనల్ ఆఫీసరు గారి సముఖమునకు

ఉదయగిరి తాలూకా, దుత్తలూరు దాపున తుమ్మలగుంటపాడు గ్రామ కాపురస్తురాలు, కీర్తిశేషులు రామనారాయణ గారి భార్య, రామసుబ్బమ్మ, వయస్సు యాభై, చేసుకొను మనవి.

విషయం: మా ఊరి చెరువు తూము మడుగులో ఆలిచిప్పలు తవ్వించుట, అడ్డుపడిన సుందరయ్య అను వృద్ధుని కళ్ళలో కాల్చిన గుల్లసున్నం పూసి చంపుట, ఆ నేరమును అతని కోడలు గురవమ్మపై మోపుట – గురించి.

అయ్యా,

నేను అర్జీలు రాసే మనిషిని కాను. నెల్లూరులో హైస్కూలు చదువు పూర్తి చేశాను గాని, ఆ చదువును పారాయణకూ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు ఉత్తరాలు చదివి పెట్టడానికీ తప్ప వాడలేదు. ఇప్పుడు కలం పట్టడానికి కారణం ఒక్కటే. వచ్చే సోమవారం ఉదయగిరిలో గురవమ్మను మేజిస్ట్రేటు గారి ముందు నిలబెడతారు. "నీ మామ కళ్ళలో నువ్వు పోశావా?" అని అడుగుతారు. ఆమె పోశానంటుంది. అక్కడితో అయిపోతుంది. జరిగింది చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో సగంమంది మునసబు కూలి తింటున్నారు, మిగిలిన సగంమంది చేత గురవమ్మదే తప్పనే కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్నారు. నా వేలిముద్ర ఎవరూ అడగలేదు. నేను చూస్తున్నానన్న సంగతే ఎవరికీ పట్టలేదు.

మా గ్రామ మునసబు జనార్దనయ్య నా తోడబుట్టిన తమ్ముడు. నా భర్త పోయినప్పటి నుండి వాడి ఇంట్లోనే వాడి అన్నం తింటున్నాను. ఇది ముందే చెప్పడం ధర్మమని చెబుతున్నాను.

1. సుందరయ్య చావు మీద మునసబు పంపిన రిపోర్టులో ఆలిచిప్పలను "చెరువు అడుగున పడియుండు నిరుపయోగమైన పురుగులు" అని రాశారు. ఇది సత్యదూరం. మా వైపు ఆలిచిప్పలు మూడు రకాలు. పెన్న ఇసుకలో దొరికేది నల్లగా, మందంగా రాయిలా ఉంటుంది. కాలవల్లో ఉండేది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. దాన్ని బాతులకు వేస్తారు. చెరువు బురదలో ఉండేది అరచేతి వెడల్పున పల్చగా ఉండి, లోపలి పక్క వెన్నెల పూసినట్టు మెరుస్తుంది. మామిడికాయ చెక్కు తీసేది దానితో. అంటుకుపోయిన అన్నపు గిన్నె గీకేది దానితో. మా అవ్వ నాకూ మునసబుకూ ఉగ్గు పోసింది కూడా దానితోనే. ఈ కరువు సంవత్సరాల్లో గంజి కేంద్రం మూసేసిన రోజున చెరువు కట్ట కింద యానాదుల గుడిసెల్లో పొయ్యి వెలిగిందంటే, దాని మీద ఉడికింది ఈ చిప్పల మాంసమే. నేను మాంసం ముట్టను. అయినా ఆ పొయ్యిల వాసన వచ్చిన పూట నాకు అన్నం సయించేది. రాని పూట సయించేది కాదు.

ఆ గుడిసెల ఆడవాళ్ళు చిప్పలను కళ్ళతో వెతకరు, కాళ్ళతో వెతుకుతారు. మోకాటి లోతు బురదలో వరసగా చేతులు పట్టుకొని నడుస్తూ, అరికాలికి అంచు తగిలితే వంగి తీస్తారు. వాళ్ళ అరికాళ్ళు చూస్తే కత్తిపీట మీద నడిచినట్టు ఉంటాయి. ఒక్క చోట మాత్రం అడుగు పెట్టరు. అది తూము ముందరి మడుగు. చెరువంతా నెర్రెలు బారినా అందులో నడుములోతు నీళ్ళుంటాయి. అక్కడి చిప్పలు విత్తనం. ఎంత ఆకలైనా విత్తనం ముట్టరు. వానకు చెరువు నిండితే మళ్ళీ అక్కడి నుండే చెరువంతా పాకుతాయని వాళ్ళ లెక్క. ఆ నీళ్ళు తేటగా ఉండడం కూడా వాటి చలవే. ఎండాకాలం ఊరంతా, మునసబు ఇల్లుతో సహా, తాగేది ఆ నీళ్ళే.

2. పట్టణాల్లో కొత్త కట్టడాలు లేస్తున్నందున గుల్లసున్నానికి గిరాకీ వచ్చిందని, నిరుడు మా తమ్ముడు కట్ట పక్కన బట్టీ పెట్టాడు. అంకారావు అనే మేస్త్రీని తెచ్చుకున్నాడు. ఈ వేసవిలో చెరువు అడుగంటగానే ఎడ్లకు నాగళ్ళు కట్టి బురదను దున్నించారు. బతికున్న చిప్పలు కర్రుకు పగిలి, లోపలి మాంసం చాలు వెంబడి సాగింది. మిగిలినవాటిని గట్టున గుట్టలు పోసి ఎండకు వదిలేశారు. ఎండకు అవి నోళ్ళు తెరిచి చస్తాయి. గుట్ట గుట్టంతా ఒకేసారి నోళ్ళు తెరుస్తుంటే ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు చిటచిటమని వినపడుతుంది. దాని మీద కాకులు, గద్దలు, కుక్కలు పడి ఒకదాన్నొకటి చీల్చుకున్నాయి. తరువాత బట్టీలో వరసకు బొగ్గు, వరసకు చిప్పలు పేర్చి తిత్తులు ఊది కాలుస్తారు.

చెరువు అడుగు అయిపోయాక మడుగు మీదికి వచ్చారు. సుందరయ్య తన వాళ్ళను తీసుకొని మడుగులో దిగి నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి. కట్ట కింది గుడిసెలకు పెద్ద. దండం పెట్టి చెప్పిన మాట ఇది:

"మడుగు మాత్రం ఇడిచిపెట్టయ్యా. అది ఇత్తనం. ఇత్తనం ఉడకేసుకోని తిన్నోడు మళ్ళా ఏం నాటతాడు?"

అంకారావు వినలేదు. మనుషులున్న నీళ్ళలోకే ఎడ్లను తోలించాడు. అలివేలమ్మ అనే ఆమె పాదం ఎద్దు డెక్క కింద పడి బొటనవేలు ఊడిపోయింది. ఆ వేలు నీళ్ళలో దొరకలేదు.

3. సుందరయ్య వాళ్ళు ఆత్మకూరు వెళ్ళి, డబ్బులకు అర్జీలు రాసే ఒకాయన చేత అర్జీ రాయించి, వేలిముద్రలు వేసి ఒక ఆఫీసులో ఇచ్చారు. ఏ ఆఫీసో రాయడం నా ఉద్దేశం కాదు. ఆ ఆఫీసువారు పద్ధతి ప్రకారమే చేశారు. "గ్రామ మునసబు విచారించి నివేదించగలరు" అని అర్జీ మీదనే రాసి పంపారు. మునసబు మీద పెట్టిన అర్జీ మునసబుకు చేరింది. వాడు దాన్ని ఇంట్లో మూడుసార్లు చదివి, నవ్వి, మడిచి జేబులో పెట్టుకొని బట్టీకి పోయాడు.

4. అది నరసింహ జయంతికి ముందు రోజు. గుడి గోడకు వెల్ల వేయించాలని, సున్నం కోసం గంప పట్టుకొని నేనూ అదే సమయానికి బట్టీ దగ్గరికి వెళ్ళాను. ఆ ఉదయమే విప్పిన బట్టీ. కాలిన గుల్ల కుప్పపోసి ఉంది. కాలిన గుల్లకు తడి తగలకూడదు. తగిలితే సలసల కాగుతుంది. కూలీలు చేతులకు గోనెపట్టాలు చుట్టుకొని ఎత్తేది అందుకే. సుందరయ్యను పిలిపించారు. మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ఏందిరా సుందరయ్యా, నా మీద అర్జీ పెట్టినావంట?"

"నీ మీద కాదయ్యా. మడుగు కోసరం."

"ఈ వేలిముద్ర నీదేనా?"

"నాదేనయ్యా."

"అయితే చదువు. ఏం రాయించినావో నేనూ ఇంటా."

సుందరయ్య కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. నాకు చదువు యాడిదయ్యా అన్నాడు. కూలీలు నవ్వారు. మా తమ్ముడు కూడా నవ్వాడు.

"చదవలేని కళ్ళు నీకెందుకురా?"

ఇది సైగ అనుకున్నాడో, సైగేనో, అంకారావు కుప్పలో నుండి పొడి గుల్ల గుప్పెడు తీశాడు. ఇద్దరు సుందరయ్య చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. గోడకు సున్నం పూసినట్టు రెండు కళ్ళకూ పూశాడు. రెప్పలు మూసుకుంటే బొటనవేలితో తెరిచి లోపలికి పూశాడు. మా తమ్ముడు వద్దనలేదు. ఈ ఒక్క వాక్యం కింద తమరు గీత గీసుకోవలెను: వద్దనలేదు.

నేను జనార్దనా అని పిలిచాను. గట్టిగానే పిలిచాననుకున్నాను. నా గొంతు నా పక్కనున్నవాళ్ళకే సరిగా వినపడదని చిన్నప్పటి నుండి అంటారు. మళ్ళీ పేర్చిన బట్టీకి ఊదుతున్న తిత్తుల చప్పుడులో ఒక్క తలా తిరగలేదు. గంప కింద పడేసి ముందుకు పోయి, పట్టుకున్నవాడి చేతిని కొరికాను. వాడు నన్ను చూసి, అమ్మగారు కదా అని విదిలించకుండా ఊరికే నిలబడ్డాడు. పట్టు మాత్రం వదలలేదు. వాడి రక్తం నా నోట్లోకి వచ్చింది. ఆ రుచి ఈనాటికీ తులసి నీళ్ళకు పోవడం లేదు.

పూయడం అయ్యాకే వాళ్ళు సుందరయ్యను వదిలారు. అప్పుడు గురవమ్మ పరుగెత్తుకొని వచ్చింది. ఆమె సుందరయ్య కోడలు, పోలేరయ్య భార్య. ఆమె బుట్టలో, గట్టు మీది గుట్టల్లో ఏరుకున్న, ఇంకా బతికున్న ఆలిచిప్పలు ఉన్నాయి. కళ్ళకలక వస్తే, కంట్లో నలుసు పడితే, బతికున్న చిప్ప విప్పి అందులోని నీళ్ళు కంట్లో పోయడం వాళ్ళ తాతల నాటి వైద్యం. మా పాలేరు బిడ్డకు దానితోనే తగ్గడం నేను చూశాను. ఆమెకు సున్నం సంగతి తెలియక కాదు. మామ కేక విన్నది, కళ్ళు పట్టుకోవడం చూసింది, పుట్టినప్పటి నుండి కంటికి ఏ మందో చేతులకు ఆ మందే తెలుసు. మామ తలను ఒడిలో పెట్టుకొని, చిప్ప తరువాత చిప్ప రాతికి కొట్టి విప్పి, ఆ నీళ్ళు పిండింది. కంట్లో గుల్ల సుయ్యిమని కాగింది. ఆవిరి లేచింది. కొంచెం నీళ్ళయితే గుల్ల కాగుతుందనీ, కుండలకు కుండలు గుమ్మరించి ఉంటే కొంతైనా కడిగేసి ఉండేదనీ తరువాత ఒక డాక్టరు నాకు చెప్పారు. అప్పుడు అక్కడ కుండలు లేవు. చిప్పలున్నాయి.

"చల్లగుండాదా మామా?" అని అడిగింది.

ఆయన కింది పెదవి పళ్ళ మధ్య తెగి వేలాడుతోంది. అయినా చెప్పాడు: "చల్లగుండాది తల్లీ. చాల్లే."

పోలేరయ్య ఆ తరువాత వచ్చాడు. తండ్రి ముఖం చూశాడు. నేల మీద పగిలిన చిప్ప ఒకటి తీసుకొని అంకారావును చెవి నుండి మూతి దాకా కోశాడు. ఇది నేను దాచను. నలుగురు అతన్ని పడేసి, బట్టీ కదిలించే ఇనుప చువ్వతో మోకాలు విరిచారు. విరిగిన తరువాత కూడా కొట్టారు. మా తమ్ముడు అప్పుడు మాత్రం నోరు తెరిచాడు. "ఈడ చంపబాకండి" అన్నాడు. చంపవద్దనలేదు. ఇక్కడ వద్దన్నాడు.

5. సుందరయ్య జ్వరంతో, ముఖమంతా కుళ్ళి, నరసింహ జయంతి వెళ్ళిన వారంలోనే పోయాడు. శవ పంచాయతీకి కూర్చున్న పంచాయతీదార్లు అందరూ బట్టీ మనుషులే. మునసబు రిపోర్టు నకలు నేను చదివాను. అందులో మూడు సంగతులు ఉన్నాయి. మృతునికి కళ్ళకలక అనియు, కోడలు అజ్ఞానముచే మురికి పురుగుల నీటిని కళ్ళలో పోయుటచే విషమెక్కి మరణించెననియు మొదటిది. కొడుకు పోలేరయ్య మేస్త్రీని కోసి పరారీ అయ్యెననియు రెండవది. మూడవది చదివినప్పుడు నేను కాగితాన్ని కింద పెట్టి దేవుడి ముందు కూర్చున్నాను. "కళ్ళలో సున్నము పడినదనుట కల్ల. సున్నము పడిన మనిషి చల్లగా ఉన్నదనునా? మృతుడు చల్లగా ఉన్నదని పదిమంది ఎదుట చెప్పియున్నాడు" అని ఉంది.

అయ్యా, కోడలు బాధపడుతుందని చచ్చేవాడు చెప్పిన మాట అది. దాన్ని సాక్ష్యంగా రాసిన చెయ్యి, చిన్నప్పుడు నేను పలక మీద దిద్దించిన చెయ్యి.

6. గురవమ్మను ఉదయగిరి సబ్ జైలులో పెట్టారు. ప్రసాదం ఇస్తానని చెప్పి వెళ్ళి చూశాను. మనిషి సగమైంది. అన్నం మానేసింది. తప్పు నీది కాదు, నేను చూశాను, సున్నం ముందు పడింది అని ఊచల దగ్గర నిలబడి చెప్పాను. తల అడ్డంగా ఊపింది.

"నేనే పోసినానమ్మా. ఈ చేత్తోనే. పోస్తే పొగ లేచింది. పొగ చూసి కూడా ఇంకో చిప్ప కొట్టినా. మీరు పెద్దోళ్ళు, నన్ను తప్పించాలని అట్టంటారు. జడ్జీ అడిగితే నేను పోసినాననే చెప్తా. మామకి నేను చేసిందానికి నన్ను ఏమన్నా చెయ్యనీండి."

ఇది ఆమె మనసు. బెదిరించి చెప్పించింది కాదు. మా తమ్ముడికి ఆమెను బెదిరించవలసిన అవసరమే లేకపోయింది.

7. పోలేరయ్య పరారీలో లేడు. మా ఇంట్లోనే, నా దేవుడి గదిలో ఉన్నాడు. ఎట్లా చేర్చామన్నది రాయను. చేర్చిన ఆడవాళ్ళు ఇంకా ఆ ఊళ్ళో బతకాలి. నేను మడి కట్టుకునే మనిషిని గనుక ఆ గది గడప మా తమ్ముడు కూడా దాటడు. మోకాటి చిప్ప పగిలి ఎముక కనపడుతోంది, చీము పట్టింది. పసుపూ వేపాకూ నూరి కడుతున్నాను. అరవడానికి వీలులేదు గనుక గుడ్డ పళ్ళ మధ్య పెట్టుకుంటాడు. స్వామికి పెట్టిన నైవేద్యం అతను తింటున్నాడు. స్వామి అభ్యంతరం చెప్పలేదు. మొన్న అతను నన్ను అడిగాడు, గురవ పోసినందుకే మా నాయన పోయినాడా అని. కాదు నాయనా, అంతకు ముందే కళ్ళు పోయాయి అని చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకొని, "మరి దానికి ఎవురు చెప్తారు?" అన్నాడు.

పై కారణములచే తమరిని ప్రార్థించేది ఏమనగా:

(అ) మేజిస్ట్రేటు గారితో చెప్పి, సోమవారం గురవమ్మను అడిగే ప్రశ్న మార్చి అడిగించవలెను. "నువ్వు పోశావా?" అని మొదట అడగవద్దు. "నువ్వు వచ్చేసరికి నీ మామ కళ్ళు ఎట్లా ఉన్నాయి?" అని అడగవలెను. తెల్లగా ఉన్నాయని చెబుతుంది. ఎందుకు తెల్లగా ఉన్నాయని అడగవలెను. అది ఆమె నోటితోనే రావలెను. ఆమె నోటితో వస్తే తప్ప ఆమె చెవికి ఎక్కదు. తరువాత నన్ను పిలిస్తే ప్రమాణం చేసి అన్నీ చెబుతాను. వినపడకపోతే దగ్గరికి వచ్చి చెబుతాను.

(ఆ) మునసబు లెక్కల తనిఖీ అనే నెపం మీద తమరు స్వయంగా గాని, మా వైపు వారు కాని పోలీసులను పంపి గాని, పోలేరయ్యను బండిలో ఆసుపత్రికి చేర్చవలెను. అంకారావును కోసినందుకు శిక్ష పడితే పడనీండి. బతికుంటేనే కదా శిక్ష.

(ఇ) సుందరయ్యను పాతిపెట్టిన చోటు నేను చూపిస్తాను. రెప్పల కింద ఏముందో పెద్ద డాక్టరు చేత చూపించవలెను.

(ఈ) మడుగులో ఇంకా కొన్ని చిప్పలు మిగిలి ఉన్నాయి. బట్టీ ఆపించవలెను.

ఇంకొకటి ఉంది. దానికి ఏ అక్షరం వేయాలో తెలియక విడిగా రాస్తున్నాను. జయంతి నాడు అభిషేకం చేస్తూ, స్వామి గోళ్ళను చూసి, వీటిని ఒక్కసారి మా ఇంటి గడప మీదికి పంపు అని మొక్కుకున్నాను. నా తోడబుట్టినవాడి పేగులు ఆ గడప మీద పడి ఉన్నట్టు, నేను వాటిని దాటి పువ్వులు కోసుకోవడానికి పోతున్నట్టు కళ్ళకు కట్టింది. భయం వేయలేదు. భయం వేయనందుకు తరువాత భయం వేసింది. స్వామి రావడం కంటే ముందు తమరు రావడం మా ఇంటికి మేలు. తమరైతే చట్ట ప్రకారం వస్తారు.

ఉదయగిరి జమాబందీకి తమరు వచ్చేదాకా ఆగితే సోమవారం దాటిపోతుంది. అందుచేత కొండాపురంలో గుడికని ఇంట్లో చెప్పి, ఆత్మకూరు బస్సు ఎక్కి, దీనిని నా చేత్తోనే తమరి చేతికి ఇవ్వడానికి వచ్చాను. పైన రాసినది నేను చూసినది, విన్నది మాత్రమే. సోమవారం లోపల చిత్తగించవలెను. ఆ తరువాత చిత్తగించినా ఉపయోగం లేదు.

తమ విధేయురాలు,
రామసుబ్బమ్మ

తా.క. – సాయంత్రం బస్సుకు నేను ఇంటికి పోతాను. పోకపోతే పోలేరయ్యకు కట్టు మార్చేవాళ్ళు లేరు. ఈ కాగితాలను తమ పెట్టెలో పెట్టి తాళం వేసుకోండి. తమ గుమాస్తా పద్ధతి ప్రకారం "విచారించి నివేదించగలరు" అని ఒక్క ముక్క రాశాడా, ఇవి టపాలో నేరుగా మా ఇంటికే వస్తాయి. మా తమ్ముడు మధ్యాహ్నం అన్నం తింటూ టపా విప్పుతాడు. అప్పుడు వాడికి మజ్జిగ పోస్తూ పక్కన నిలబడి ఉండేది నేను. గోడకు అవతల గుడ్డ కొరుక్కుంటూ పోలేరయ్య. ఉంచుకోండి అయ్యా, చింపవద్దు. ఎవరికీ చూపవద్దు.